గొంతు బాగుందో లేదో అంకె చెప్పగలదా?

రెండు కాగితాలు నా దగ్గరున్నాయి. రెండూ ఒకే రోజు, ఒకే ఉచిత వైద్య శిబిరంలో, ఒకే ల్యాప్‌టాప్ నుంచి ముద్రించి ఇచ్చినవి. మొదటిది ముప్ఫయి నాలుగేళ్ళ ఉపాధ్యాయినిది. పగలు ఉర్దూ మీడియం పాఠశాలలో ఐదో తరగతికి పాఠాలు, సాయంత్రం ఇంట్లో ట్యూషన్లు. రెండోది కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో తెల్లవారుజామున వేలం పాడే పెద్దాయనది. యాభై రెండేళ్ళు, అందులో ముప్ఫయి ఏళ్ళు బీడీ. ఇద్దరికీ గొంతు బొంగురే. కాగితాల మీద అంకెలు కూడా ఇంచుమించు ఒకటే. జిట్టర్ ఆమెకు 2.3 శాతం, ఆయనకు 2.1. షిమ్మర్ ఇద్దరికీ ఆరు దాటింది. రెండింటి కిందా ఎర్ర అక్షరాల్లో అదే వాక్యం ఉంది. స్వరం సాధారణ పరిమితిలో లేదు, గొంతుకు విశ్రాంతి ఇవ్వండి, నీళ్ళు ఎక్కువగా తాగండి అని.

ఆపా బెదిరిపోయి మర్నాడే నా దగ్గరికి వచ్చింది. చాచా మాత్రం కాగితం చెప్పినట్టే చేశారు. నీళ్ళు తాగారు, మిశ్రీ చప్పరించారు, వేలానికి కొడుకుని పంపారు. మూడు నెలల తర్వాత, ఇంకా తగ్గడం లేదేమిటమ్మా అంటూ వచ్చారు. ఇద్దరినీ నేను చేసింది ఒకటే, పక్క గదిలో ఉన్న చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి పంపాను. సన్నని కెమెరా గొట్టం లోపలికి వెళ్ళి చూస్తే ఆపా స్వరతంత్రుల మీద రెండు వైపులా, ఎదురెదురుగా, చిన్న కాయలు. పార పట్టిన చేతికి కాయలు కాస్తాయే, అలాంటివే. చాచాకు కుడి స్వరతంత్రి మీద తెల్లటి మచ్చ. దాంట్లోంచి ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వచ్చింది.

అంకెలు ఒకటే, జబ్బులు వేరు. ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానంటే, సేవా కార్యక్రమాలకు డబ్బిచ్చే పెద్దలు ఈ మధ్య నన్ను తరచుగా ఒక మాట అడుగుతున్నారు. గొంతు పరీక్షించే కంప్యూటర్ మిషన్ ఒకటి కొనిద్దాం మేడమ్, శిబిరానికి వచ్చినవాళ్ళందరికీ ఐదు నిమిషాల్లో రిపోర్టు ఇచ్చేయొచ్చు కదా అని. అడగడంలో తప్పులేదు. రక్తపోటు మిషన్ ఇచ్చాం, షుగర్ మిషన్ ఇచ్చాం, గొంతుకు కూడా అలాంటిదే ఉంటుందనుకోవడం సహజం. కానీ షుగర్ అంకెకూ గొంతు అంకెకూ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలిశాక డబ్బు ఎక్కడ పెట్టాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

అంకె ఎలా పుడుతుంది

మెడ ముందు భాగంలో చేతికి తగిలే ఎముకలాంటి గట్టి భాగం లోపల స్వరపేటిక ఉంటుంది. అందులో రెండు స్వరతంత్రులు. తంత్రులని పేరే గాని అవి తీగలు కావు, రెండు మెత్తటి మడతలు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటిని నెట్టుకుని పైకి వచ్చేటప్పుడు అవి తెరుచుకుంటూ మూసుకుంటూ అదురుతాయి. మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో 200 సార్ల ప్రాంతంలో, పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఆ అదురు ఎంత క్రమంగా ఉంటే గొంతు అంత నున్నగా వినిపిస్తుంది.

మన సంస్థలు ఏటా కుట్టుమిషన్లు పంచుతుంటాయి కాబట్టి ఆ పోలికే తీసుకుందాం. మంచి మిషన్ మీద కుట్టిన బట్టలో ప్రతి కుట్టూ ఒకే పొడవు ఉంటుంది, ఒకే బిగువు ఉంటుంది. కుట్టు కుట్టుకూ పొడవు మారుతూ ఉంటే చూడగానే తెలుస్తుంది. స్వరంలో ఒక అదురుకూ పక్క అదురుకూ మధ్య కాలంలో వచ్చే ఇలాంటి తేడానే జిట్టర్ అంటారు. కుట్టు బిగువులో వచ్చే తేడా లాంటిది, అంటే ఒక అదురుకూ పక్కదానికీ మధ్య శబ్ద తీవ్రతలో వచ్చే తేడా, షిమ్మర్. మూడోది, స్వరంలో సంగీతంలాంటి భాగం ఎంత, గాలి తోసుకుపోయే బుసబుస ఎంత అనే నిష్పత్తి. అమెరికాలో ఫిలిప్ లీబర్మన్ 1961లోనే అదురుల మధ్య కాలంలో తేడాలను కొలిచి, జబ్బు గొంతుల్లో అవి ఎక్కువగా ఉంటాయని గమనించాడు. నిష్పత్తి సంగతి 1982లో యుమోటో, ఆయన సహచరులు ప్రచురించారు. తర్వాత కంప్యూటర్లు చౌకయ్యాయి. అంకెలు ఆస్పత్రుల బల్లల మీదికి వచ్చాయి.

కుట్టు వంకరగా ఉందని బట్ట చూసి చెప్పవచ్చు. ఎందుకు వంకరగా ఉందో బట్ట చెప్పదు. సూది వంగిందా, బాబిన్లో దారం చిక్కుకుందా, బెల్టు వదులైందా, కుట్టే అమ్మాయికి చెయ్యి వణుకుతోందా? మిషన్ మూత తీసి చూడాల్సిందే. గొంతు అంకె పరిస్థితి కూడా సరిగ్గా ఇదే. కాయలున్నా, నీటిబుడగలాంటి పాలిప్ ఉన్నా, ఒకవైపు నరం చచ్చుబడ్డా, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు పోయినా, పుండు మొదలైనా అదురులో క్రమం తప్పుతుంది. జిట్టర్ పెరుగుతుంది. ఏది కారణమో ఆ అంకెలో ఎక్కడా రాసి ఉండదు.

గొంతు ఎంత చెడితే అంకె అంత నమ్మలేనిది

ఇది చాలామందికి వింతగా తోస్తుంది, నా దగ్గర శిక్షణకు వచ్చే విద్యార్థులకు కూడా. జిట్టర్ కొలవాలంటే కంప్యూటర్ ముందుగా ఒక అదురు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తుపట్టాలి. నున్నటి గొంతులో అది తేలిక. బాగా చెడిన గొంతులో అదురుకు మొదలూ చివరా ఉండదు. కుట్లు పూర్తిగా చిక్కుపడిపోయిన బట్టలో రెండు కుట్ల మధ్య దూరం కొలవమంటే ఎక్కడినుంచి ఎక్కడికి కొలుస్తాం? మనిషైతే కొలవలేను అంటాడు. కంప్యూటర్ అనదు. ఏదో ఒక రెండు చోట్లను కుట్లనుకుని, దశాంశ స్థానాలతో సహా ఒక అంకె ముద్రించి ఇస్తుంది.

ఈ చిక్కును విడమరిచినవారు అమెరికా స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జ. ఆయన 1995లో ప్రచురించిన నివేదికలో స్వరాలను మూడు రకాలుగా విడదీశారు. మొదటి రకం ఇంచుమించు క్రమంగా అదిరేవి. రెండో రకంలో అదురుల మధ్య మరో అదురు దూరి, ఒక పెద్ద అల, ఒక చిన్న అల జంటలుగా వస్తాయి, లేదా అల ఉండుండి మారిపోతుంది. మూడో రకంలో క్రమమనేదే కనిపించదు. జిట్టర్, షిమ్మర్ వంటి కొలతలు మొదటి రకానికి మాత్రమే పనికొస్తాయని, సుమారు 5 శాతం దాటిన అంకెలను నమ్మవద్దని ఆ నివేదిక సారాంశం. రెండో రకానికి స్వరపు చిత్రాన్ని, అంటే స్పెక్ట్రోగ్రామ్‌ను, కంటితో చూడాలి. మూడో రకానికి శిక్షణ పొందిన చెవితో వినాలి. తర్వాతి పరిశోధకులు 2010లో నాలుగో రకాన్ని కూడా చేర్చారు, పూర్తిగా గాలి బుసే ఉండేది.

శిబిరానికి వచ్చేవారిలో ఎవరి కోసం మనం ఎక్కువ ఆరాటపడతామో, అంటే గొంతు బాగా చెడినవాళ్ళు, సరిగ్గా వాళ్ళ దగ్గరే ఈ మిషన్ చేతులెత్తేస్తుందన్నమాట. పైగా చేతులెత్తేసినట్టు చెప్పదు కూడా. రెండో రకం గొంతులో కంప్యూటర్ ఒక్కోసారి రెండు అదురులను కలిపి ఒకటిగా లెక్కపెడుతుంది. అప్పుడు స్థాయి సగానికి పడిపోయి, జిట్టర్ తక్కువగా, చక్కగా కనబడుతుంది. వినేవారికి గరగరమంటున్న గొంతు, కాగితంలో పచ్చ రంగు.

ఒక సాఫ్ట్‌వేర్ అంకెకూ మరోదాని అంకెకూ కూడా పొంతన ఉండదు. అమెరికా కంపెనీ తయారుచేసిన ఎం.డి.వి.పి. అనే ప్రసిద్ధ వ్యవస్థలో జిట్టర్ హద్దు 1.04 శాతం, షిమ్మర్ హద్దు 3.81 శాతం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసి ఉచితంగా ఇస్తున్న ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ అదురులను మరో పద్ధతిలో గుర్తిస్తుంది. ప్రాట్ సహాయ పుటల్లోనే ఒక హెచ్చరిక ఉంది. ఆ 1.04 హద్దు గాలి బుస కూడా కలిసిన కొలతల మీద కట్టినది, అసలు హద్దు బహుశా ఇంకా తక్కువ ఉండాలి అని. ఒక మిషన్ అంకె తీసుకుని మరో మిషన్ హద్దుతో పోల్చి గొంతు బాగుందనీ బాగాలేదనీ తీర్పు చెప్పే కాగితాలు నేను చాలానే చూశాను.

"ఆ" అనడం మాట్లాడటం కాదు

పరీక్షలో మనిషిని "ఆ" అని మూడు నుంచి ఐదు సెకన్లు పట్టి అనమంటారు. బతుకులో ఎవరూ అలా అనరు. ఉపాధ్యాయురాలికి గొంతు పోయేది "ఆ" అన్నప్పుడు కాదు, ఆరో పీరియడ్లో అరవై మంది పిల్లల మధ్య. ఉదయం పది గంటలకు పరీక్షిస్తే, రాత్రంతా విశ్రాంతి తీసుకున్న గొంతు అంకె వస్తుంది.

స్పాస్మోడిక్ డిస్‌ఫోనియా అనే జబ్బు ఒకటుంది. మెదడు నుంచి వచ్చే ఆదేశాల్లో లోపం వల్ల మాట మధ్యలో స్వరతంత్రులు ఉన్నట్టుండి బిగుసుకుంటాయి. మాట తెగి తెగి, పిండినట్టు వస్తుంది. అదే మనిషి "ఆ" అని సాగదీస్తేనో, పాడితేనో, నవ్వితేనో గొంతు చాలాసార్లు మామూలుగా ఉంటుంది. కాగితం చూసినవారు నీకేం లేదు, టెన్షన్ తగ్గించుకో అని పంపేస్తారు. ఇలాంటివారు ఏళ్ళ తరబడి మానసిక రోగులన్న ముద్ర మోస్తూ తిరగడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి. ఇంట్లోవాళ్ళు కూడా నటిస్తోందంటారు. వాళ్ళను రెండు నిమిషాలు మాట్లాడించి విన్న మనిషికి అనుమానం వస్తుంది, మిషన్‌కు రాదు.

ఇంకొకటి, ఎంత గట్టిగా అన్నామన్నది. మెల్లగా పలికితే ఆరోగ్యంగా ఉన్న గొంతులో కూడా జిట్టర్, షిమ్మర్ పెరుగుతాయి. గట్టిగా పలికితే తగ్గుతాయి. మన ఆడవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళు, పదిమంది మగవాళ్ళున్న శిబిరంలో మైకు ముందు కూర్చుని "ఆ" అనమంటే గొంతు పెగలదు. ఒకసారి ఒక ఖాలా బుర్ఖా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అంది. అంకెలు ఎర్రగా వచ్చాయి. తలుపు మూసి, నేనూ ఆమే ఉండి, మనవణ్ణి పిలిచినట్టు పిలవమన్నాను. అంకెలు పచ్చగా మారాయి. జబ్బు రాలేదు, పోలేదు. ఏ అచ్చు పలికించామన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. "ఆ"కు ఒకటి, "ఈ"కి ఒకటి.

ఫ్యాను, కూలరు, ఫోను

సెకనుకు 200 సార్లు అదిరే గొంతులో ఒక అదురుకు పట్టే కాలం సెకనులో 200వ వంతు. ఒక శాతం జిట్టర్ అంటే అందులో నూరో వంతు తేడా, సెకనులో ఇరవై వేలవ వంతు. ఇంత సన్నని తేడాను కొలిచే పనిలో పైన తిరిగే ఫ్యాను, కిటికీ బయట జనరేటరు, పక్క గదిలో షుగర్ పరీక్షకు వరుసలో నిలబడ్డవారి ముచ్చట్లు అన్నీ అంకెలోకి దూరతాయి. ఇలాంటి కొలతలకు గొంతు శబ్దం గదిలోని చప్పుడు కంటే కనీసం 30 డెసిబెల్స్, బాగా నమ్మాలంటే 42 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని 2005లో డెలియస్కీ బృందం తేల్చింది. ఫంక్షన్ హాలులో పెట్టిన శిబిరంలో అది జరిగే పని కాదు. మైకు నోటికి కొద్ది సెంటీమీటర్ల దూరంలో, గాలి నేరుగా తగలకుండా కాస్త పక్కకు, ప్రతిసారీ అదే చోట ఉండాలి. చేత్తో పట్టుకున్న మైకు చెయ్యి కదిలినప్పుడల్లా షిమ్మర్‌ను పెంచుతుంది.

ఇప్పుడు ఫోన్లోనే గొంతు పరీక్ష అంటూ యాప్‌లు వస్తున్నాయి. ఫోను తయారైంది మాట అవతలివారికి స్పష్టంగా వినపడటానికి. అందుకని చుట్టూ ఉన్న చప్పుడును తానే కత్తిరిస్తుంది, తగ్గిన గొంతును తానే పెంచుతుంది. ఆ కత్తిరింపుల్లో గొంతులోని బుస కూడా కొట్టుకుపోవచ్చు. మనం కొలవాలనుకున్నది ఆ బుసనే.

కొత్త పద్ధతులు రాలేదా అంటే వచ్చాయి. ఒక్కొక్క అదురునూ విడదీయనక్కర్లేకుండా, మొత్తం స్వరంలో క్రమం ఎంత బలంగా ఉందో చెప్పే సెప్‌స్ట్రల్ కొలతను 1994లో హిలెన్‌బ్రాండ్, ఆయన సహచరులు ప్రవేశపెట్టారు. అది మాటల మీద కూడా పనిచేస్తుంది, బాగా చెడిన గొంతుల మీద కూడా కొంత నిలబడుతుంది. అమెరికాలోని వాక్ శ్రవణ నిపుణుల సంఘం 2018లో ప్రకటించిన పరీక్షా విధానంలో దానికి చోటిచ్చి, జిట్టర్ షిమ్మర్లను పక్కన పెట్టింది. 2010లో బెల్జియం పరిశోధకుడు యూరి మారిన్ బృందం చదివిన వాక్యాలనూ "ఆ"నూ కలిపి ఒకే అంకెగా చేసే సూచిక తయారుచేసింది. కానీ దాని హద్దు డచ్ భాషకు ఒకటి, జర్మన్‌కు ఒకటి, కొరియన్‌కు ఇంకొకటి. మాట మారితే, చదివించే పాఠం మారితే అంకె మారుతుంది. తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఇంగ్లీషులో హల్లుతో. ఇంగ్లీషు వాక్యాల మీద కట్టిన హద్దును తెలుగు మనిషి మీద, లేదా ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే మనిషి మీద పెట్టి చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఎంత మెరుగైనా ఈ కొత్త అంకె కూడా గొంతు ఎంత చెడిందో చెబుతుంది గాని ఏం చెడిందో చెప్పదు.

చెవి కూడా పొరబడుతుంది

మిషన్ మీద ఇన్ని మాటలన్నాను కాబట్టి మనిషి చెవి మహత్తరమనుకోకండి. జపాన్‌లో హిరానో 1981లో పుస్తకంగా అందించిన ఐదు అక్షరాల కొలమానం, అమెరికాలో 2002లో నిపుణులంతా కూర్చుని తయారుచేసిన కేప్-వి పట్టిక మేమందరం వాడతాం. బొంగురు ఎంత, గరుకు ఎంత, గాలి ఎంత, బిగువు ఎంత అని విని మార్కులు వేస్తాం. ఒకే గొంతుకు ఇద్దరు నిపుణులు వేరువేరు మార్కులు వేయడం మామూలే. మరీ మంచి గొంతుకూ మరీ చెడ్డ గొంతుకూ పేచీ ఉండదు, మధ్యరకం దగ్గరే తగాదా. క్రైమన్, గెరాట్ అనే పరిశోధకులు ఈ విషయాన్ని 1990ల నుంచీ చూపిస్తున్నారు. కంటితో చూసే పరీక్షకూ హద్దులున్నాయి. స్వరతంత్రుల అదురును నెమ్మదిగా కనిపించేలా చేసే స్ట్రోబోస్కోపీ లైటు కూడా క్రమమైన అదురును పట్టుకునే వెలుగుతుంది. గొంతు మరీ చెడితే ఆ బొమ్మా చెదిరిపోతుంది. కానీ మచ్చ ఉందా, గడ్డ ఉందా, ఒకవైపు కదలడం లేదా అన్నది మామూలు కెమెరాకు కూడా తెలుస్తుంది. మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు 1854లో చిన్న అద్దం, ఎండ సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. అప్పటినుంచీ గొంతు జబ్బుకు చూడటానికి మించిన మొదటి మెట్టు లేదు.

మనిషికి తన గొంతు వల్ల ఎంత ఇబ్బంది అన్నది ఇంకో సంగతి. దానికి 1997లో జేకబ్సన్ బృందం తయారుచేసిన ముప్ఫయి ప్రశ్నల పత్రం ఉంది. ఫోన్లో మాట్లాడటం మానేశారా, గొంతు వల్ల సంపాదన తగ్గిందా వంటివి. అంకె బాగా చెడినా ఇబ్బంది లేని దర్జీ ఉంటాడు, అంకె కొద్దిగా చెడినా బతుకుతెరువు పోయే వేలం పాటగాడు ఉంటాడు.

మరి మిషన్ పారేయాలా? వద్దు. నా గదిలో ఉంది, రోజూ వాడతాను. అదే మనిషిని, అదే గదిలో, అదే మైకుతో, అంతే గట్టిగా పలికించి, వైద్యానికి ముందూ తర్వాతా పోల్చుకోవడానికి అది మంచి తోడు. తెర మీద తన గొంతు గీత చూసుకుంటూ సాధన చేసేవారికి ఉత్సాహం వస్తుంది, పిల్లలకు మరీ. ప్రాట్‌కు పైసా ఖర్చు లేదు. కావలసింది మంచి మైకు, చప్పుడు లేని గది, దాన్ని వాడటం తెలిసిన మనిషి. ఈ మూడింట్లో కొనలేనిది మూడోది. మిషన్ ఇచ్చి మనిషిని ఇవ్వని చోట ఏడాది తిరిగేసరికి దాని మీద టేబుల్ క్లాత్ కప్పి ఉండటం చూశాను.

డబ్బు ఎక్కడ పెట్టాలి

గొంతు శిబిరం పెట్టదలిస్తే చెవి ముక్కు గొంతు డాక్టరూ కెమెరా గొట్టమూ లేకుండా పెట్టకండి. డాక్టరు రాలేని రోజైతే గొంతు పేరుతో కాగితాలు ఇవ్వకండి. మా చాచా మూడు నెలలు ఆగింది నిర్లక్ష్యం వల్ల కాదు. చేతిలో రిపోర్టు ఉంది, అందులో ఏం చేయాలో రాసి ఉంది, ఆయన చేశారు. ఏ కాగితమూ ఇవ్వకపోయి ఉంటే బహుశా నెలకే వచ్చేవారు.

శిబిరంలో ముద్రించి పంచదగిన కాగితం ఏదైనా ఉంటే అది ఇది. జలుబు లేకుండా, లేదా జలుబు తగ్గాక కూడా, గొంతు బొంగురు నాలుగు వారాలు దాటితే స్వరపేటికను చూపించుకోవాలి. అమెరికా గొంతు వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో పెట్టిన గడువు ఇది. 2009లో మూడు నెలలని ఉండేది, దాన్ని కుదించారు. బీడీ, సిగరెట్, గుట్కా అలవాటున్నవారు, మెడలో గడ్డ తగిలేవారు, మింగుడు కష్టమయ్యేవారు, ఉమ్ములో నెత్తురు పడేవారు, ఊపిరాడనివారు, మెడకు ఆపరేషన్ అయ్యాక గొంతు మారినవారు ఆ నాలుగు వారాలు కూడా ఆగకూడదు. స్వరతంత్రి మీద పుట్టే క్యాన్సర్‌కు ఒక మంచి గుణం ఉంది. మొదట్లోనే గొంతును మారుస్తుంది, కాబట్టి మొదట్లోనే పట్టుబడే అవకాశం ఇస్తుంది. ఆ దశలో దొరికితే చాలామందికి నయమవుతుంది. ఆ అవకాశాన్ని ఒక అంకె పోగొట్టకూడదు.

దూరపు ఊళ్ళ నుంచి పట్నం ఆస్పత్రికి వచ్చి పోయే బస్సు ఛార్జీ, ముక్క పరీక్ష ఖర్చు, కూలి పోయిన రోజుకు ఇంటి సరుకులు. ఇవి వినడానికి మిషన్ అంత ఘనంగా ఉండవు, వీటి మీద దాత పేరు చెక్కించడానికి చోటు కూడా ఉండదు. పరీక్షకు రమ్మన్నవాళ్ళు రాకపోవడానికి నేను చూసిన కారణాలు మాత్రం ఇవే.

ఉపాధ్యాయుల విషయం వేరుగా చెప్పాలి. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో నెల్సన్ రాయ్ బృందం 2004లో ప్రచురించిన పెద్ద సర్వేలో ఆ సమయానికి గొంతు సమస్య ఉన్నవారు ఉపాధ్యాయుల్లో 11 శాతం, ఇతరుల్లో 6.2 శాతం. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఉన్నవారు ఉపాధ్యాయుల్లో 57.7 శాతం, ఇతరుల్లో 28.8. అదే రాయ్ బృందం 2002లో మరో పరిశోధన చేసింది. గొంతు సమస్య ఉన్న ఉపాధ్యాయుల్లో కొందరికి నడుముకు కట్టుకునే చిన్న మైకు స్పీకరు ఇచ్చారు, కొందరికి నీళ్ళు తాగండి, అరవకండి అన్న జాగ్రత్తలు మాత్రమే చెప్పారు. మైకు ఇచ్చినవారికి మెరుగు కనిపించింది, జాగ్రత్తలు మాత్రమే విన్నవారికి చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పెద్ద తరగతులకు చదువు చెప్పే టీచర్లకూ మదరసా ఉస్తాదులకూ అలాంటి మైకులు కొనివ్వడం గొంతు పరీక్షల మిషన్ కంటే ఎక్కువమందికి ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

స్పీచ్ థెరపిస్టును పెట్టుకోదలిస్తే నమోదు ఉన్నవారేనా అని అడిగి చూసుకోండి. శిక్షణ ఇచ్చే సంస్థలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. మైసూరులో 1965 నుంచీ అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ముంబయిలో 1983లో ఏర్పడిన జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థకు పెట్టింది మన హైదరాబాదీ, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు. మన పిల్లల్లో ఇంటర్ సైన్సు చదివి ఏం చేయాలో తెలియక తిరిగేవారికి ఈ చదువు సంగతి చెప్పి, ఒకరిద్దరికి ఫీజు కట్టగలిగితే ఆ మూడో వస్తువు, వాడటం తెలిసిన మనిషి, దొరుకుతుంది.

ఆపాకు పన్నెండు వారాలు గొంతు సాధన చేయించాం. కాయలు చాలావరకు కరిగాయి. ట్యూషన్లు సగం తగ్గించింది, తరగతిలో చిన్న మైకు పెట్టుకుంటోంది. చివరి పరీక్షలో జిట్టర్ 0.6కి దిగింది, ఆ కాగితం ఫోటో తీసుకుని భర్తకు పంపింది.

చాచాకు ముక్క పరీక్షలో క్యాన్సర్ అనే తేలింది, అదృష్టవశాత్తూ తొలిదశ. ఆరు వారాల రేడియేషన్ అయ్యింది. మచ్చ పోయింది. రెండు నెలలకోసారి వచ్చి కెమెరా పరీక్ష చేయించుకుంటున్నారు. రేడియేషన్ తర్వాత గొంతు గరుకుగానే మిగిలింది, వేలం కొడుకే పాడుతున్నాడు. మొన్న వచ్చినప్పుడు ఎందుకైనా మంచిదని మైకు ముందు కూర్చోబెట్టాను. జిట్టర్ 2.4, శిబిరంలో వచ్చినదానికంటే ఎక్కువ. కాగితం చూసి, ఇంకా ఎర్రగానే ఉందేమిటమ్మా అన్నారు. ఉండనివ్వండి చాచా అన్నాను. మళ్ళీ రెండు నెలలకు రావలసిన తేదీ దాని వెనక రాసి ఇచ్చాను.